పాలపిట్ట, మా మామ కాలు, నా కంపెనీ పాలసీ

డిగ్రీ అయినంక నౌకరి లేక కరీంనగర్ బస్టాండ్ల పల్లీలు నములుకుంట తిరిగిన రోజులవి. ఎవడన్న మెడకు టై కట్టి చేతికి సంచి ఇస్తే చాలు, ఇగ మనం ఆఫీసరయినట్టే అనిపించేది. ఒక ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీ నాకు అట్లనే కట్టింది. (టై పైసలు మొదటి కమీషన్ల కోసుకున్నరు, అది వేరే ముచ్చట.) ట్రైనింగ్ ఇచ్చినాయన మాకు నేర్పిన విద్య ఒక్కటే. "ముందుగాల చుట్టాలతోటి షురూ చెయ్యిండ్రి. చుట్టాలు ఒడిసినంక మార్కెట్ సంగతి చూద్దాం" అన్నడు. నాకు చుట్టాలైతే మస్తుగున్నరు గని, నెల తిరగకముందే నన్ను దూరంకెంచి చూసి తలుపులు పెట్టుకునుడు నేర్చిన్రు. ఆఖరికి మా మేనమామ ఒక్కడు మిగిలిండు.

మామది సాంచెల మీద పని (మరమగ్గాన్ని మా దిక్కు సాంచె అంటం). పొద్దు పొడిచినకాంచి పొద్దుగూకెదాక నిలబడే కొలువు. కాళ్లు ఎంత గట్టిగుంటె ఇంట్ల పొయ్యి అంత మంచిగ మండుతది. నేను పోయి, ప్రమాదం జరిగితే మొత్తం కంపెనీనే చూసుకుంటదని అరగంట ఊదరగొట్టిన. "ఫిరీ వైద్యానికి సర్కారు కార్డు ఉన్నది గదరా అల్లుడా, మళ్ల గిదెందుకు?" అన్నడు మామ. "సర్కారు దవాఖానల లైన్ల నిలబడుతవా మామా? మా కంపెనీ అంటె ఏసీ రూము. డాక్టరే నీ మంచం కాడికొస్తడు" అన్న. మామ జరసేపు నా మొఖం దిక్కు చూసి, "సరే తియ్యి, సంతకం ఏడ వెట్టాలె?" అన్నడు. నా మాటకారితనానికి నేనే మురిసిపోయిన. లోపటికెంచి అత్త మాత్రం, "గీ పిలగాడు ఎటు పోయినా మన మెడకే" అని గొణిగింది.

ఇగ దసర వచ్చింది. ఆనాడు పాలపిట్టను చూస్తే ఏడాదంత మంచిగుంటదని మా నమ్మకం. ఊరంత చేన్ల దిక్కు పోతది. మామ మోపెడ్ మీద పోతుంటె కరెంటు తీగ మీద నీలిరెక్క కనవడ్డది. మామ కండ్లు పైకి పోయినయి, బండి కాలువలకు పోయింది. ఏడాదంత మంచి చెయ్యాల్సిన పిట్ట మామ తొడబొక్క ఇరగ్గొట్టి తన దారిన తను ఎగిరిపోయింది.

సర్కారు అంబులెన్సు పిలిచిన కొద్దిసేపటికే వచ్చింది. పెద్దదవాఖానకు తీస్కపోతమన్నరు. నేనూరుకుంటనా? "మాకు కంపెనీ ఉన్నది" అని ఆ ఫిరీ బండినే ప్రైవేటు దవాఖానకు మళ్లించిన. అక్కడ ఏడ నొస్తుందని అడగక ముందే క్యాషా ఇన్సూరెన్సా అని అడిగిన్రు. డాక్టరు చూసి, "రాడ్ వెయ్యాలె. ఆలిశమైతే కాలు కురచయితది, ఇగ నిలబడి పని చేసుడు కష్టమే" అన్నడు. అత్త మొఖం తెల్లవోయింది. నేనైతే కంపెనీకి ఫోన్ కొట్టి, "ఫికర్ చెయ్యకు అత్తా" అన్న.

తెల్లారి కంపెనీ తరఫున విచారణ ఆయన వచ్చిండు. "తాగి నడిపిండా?" అన్నడు. తాగలేదన్న. ఆయన నవ్విండు. "దసరనాడు మీ ఊర్లె తాగనోడున్నడా?" నిజంగనే ఉన్నడు. షుగర్ వచ్చినకాంచి మామ చుక్క ముట్టలే. సాక్షిని తెమ్మంటె ఉరికిపోయి మామ దోస్తును తెచ్చిన. (దసర మా ఊర్లె ఒక్కనాటితోటి ఒడువది.) ఆయన ఊగుకుంట వచ్చి, కంపెనీ ఆయన భుజం మీద చెయ్యేసి, "అమ్మతోడు సార్, మావోడు ముట్టలే. వాని వాటా సుత నేనే తాగిన" అన్నడు. విచారణ అక్కడికి ఒడిసింది. మా మేనేజరుకు ఫోన్ చేస్తె, "బ్రదర్, బండి నడుపుకుంట పిట్టలు చూసుడు పాలసీల రాదు" అన్నడు. దవాఖానోళ్లు అడ్వాన్సన్న కట్టుండ్రి, మంచమన్న ఖాళీ చెయ్యిండ్రి అన్నరు.

"సాంచె పనోళ్లకు సర్కారు బీమా సుత ఏదో ఉన్నదట గదా" అని నేను నసిగిన. అత్త నా దిక్కు చూసి, "అది మనిషి పోతెనే వస్తదట పిలగా. మీ మామ బతికున్నడు గద, మనకు రాదు" అన్నది. ఒక్క రాత్రి ఏసీకి, దుప్పటికి అయిన బిల్లు మామ జేబుకెంచే పోయింది. అత్త సర్కారు కార్డు వట్టుకొని మామను పెద్దదవాఖానకు తీస్కపోయింది. అక్కడ లైనున్నది, ఈగలున్నయి, ఫ్యానున్నది గని తిరుగది. ఆఖరికి ఆపరేషన్ చేస్తందుకు వచ్చిన డాక్టరు ఎవరనుకున్నరు? మొన్న ప్రైవేటుల చూసినాయనే. పొద్దుగాల గిక్కడ, పొద్దుమీకి అక్కడనట. ఆయన నన్ను గుర్తువట్టి, "ఏం తమ్మీ, ఏసీ వడలేదా?" అన్నడు.

కాలు కురచ కాలే. మామ మళ్ల సాంచె కాడ నిలబడ్డడు. ఏడాదికి పాలసీ మళ్ల కట్టే గడువొచ్చింది. ఏ మొఖం పెట్టుకొని పోను? ఇగ నౌకరి పోయినట్టే అనుకొని ఇంట్ల కూసున్న. ఒకనాడు మామే జర కుంటుకుంట వచ్చి పైసలు నా చేతిల పెట్టిండు. "కంపెనీ నీకేం ఇయ్యలే గద మామా, మళ్లెందుకు కడుతవు?" అన్న.

"నీ కంపెనీ మొఖం చూసి నేనెప్పుడు కట్టినరా?" అన్నడు. "ఒక్క పాలసీ దొరుకుతలేదు, పిలగాని నౌకరి పోతదని అప్పుడు మా అక్క, మీ అవ్వ, ఫోన్ల ఏడ్చింది. నాకైతె సర్కారున్నది. నీకెవడున్నడు?"

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మామ చూడనట్టే చాయ్ తాగి పోయిండు.

ఇప్పుడు నేను ఆ ధందల లేను. ఊరందరి ఆపదలకు పూచీ నాదేనని ఛాతి ఇరుసుకొని తిరిగిన ఆ పిలగాడు యాదికొస్తె నవ్వొస్తది. మామకు బీమా చేసింది తనే అనుకున్నడు, పాపం.