ముప్పై ఏడు వాగ్దాన చీటీలు

1936 జనవరి ఒకటిన మా క్రైస్తవ సంఘంలో ముప్పై ఏడు కుటుంబాలు ఉండేవి. అందుకే ముప్పై ఏడు చీటీలు. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక ఇంటికొకరు కళ్లు మూసుకొని పళ్లెంలోంచి ఒకటి తీయాలి. అందులో ఉన్న వచనమే ఆ ఏడాదికి ఆ ఇంటికి దేవుడిచ్చిన వాగ్దానం. సంఘపెద్ద చెబుతుంటే ఆ చీటీలన్నీ నేనే రాశాను. నాకప్పుడు పదకొండేళ్లు. దస్తూరి బాగుంటుందని నన్ను కూర్చోబెట్టారు.

మా అమ్మకు తొంభై ఒకటో కీర్తన పదో వచనం వచ్చింది. ఏ తెగులూ నీ గుడారం దగ్గరికి రాదని. హైదరాబాదు లాల్‌దర్వాజాలో మేము అద్దెకున్న గది తలుపుకు ఆమె దాన్ని గంజితో అంటించింది.

మార్చిలో గల్లీలో మశూచి మొదలైంది. టీకాలు వేసే మనిషి వచ్చాడు. నాకు చిన్నప్పుడే వేశారు. నాలుగేళ్ల తమ్ముడికి వేయలేదు. అమ్మ తలుపు మీది చీటీ చూపించింది.

“మా ఇంటికి తెగులు రాదని దేవుడు మాటిచ్చిండు భాయ్. టీకా ఏపిస్తే ఆ మాట నమ్మనట్టే గద!”

పక్కింటి పాలామె తన ముగ్గురు పిల్లల్ని వరుసలో నిలబెట్టి నవ్వింది.

“ఓ అక్కా, నేను తల్లికి బోనం ఎత్తుత, పిల్లలకు టీకా గూడ ఏపిస్త. నీ దేవునికి గంత కోపమొస్తదా ఏంది?”

అమ్మ తలుపు వేసేసింది. ఆ ఆదివారం సంఘపెద్ద ఆమె విశ్వాసాన్ని అందరి ముందూ మెచ్చుకున్నాడు.

మరో పదహారు రోజులకు తమ్ముడికి జ్వరం వచ్చింది. పొక్కులు లేచిన తొమ్మిదో రోజున పోయాడు. సమాధి దగ్గర సంఘపెద్ద, “విశ్వాసం ఎక్కడో తక్కువైందమ్మా” అన్నాడు. అమ్మ అవునన్నట్టు తలూపింది. అప్పటినుంచి తన విశ్వాసం పెంచమని ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండేది.

1939లో మత్తయి సువార్త నాలుగో అధ్యాయం దగ్గర నేను ఆగిపోయాను. దేవదూతలు పట్టుకుంటారు, దేవాలయం మీదినుంచి దూకమని యేసుకు చెబుతూ సాతాను ఎత్తిచెప్పిన మాటలు అమ్మ చీటీలోని కీర్తనలోవే. కీర్తన తీసి రెండుసార్లు సరిచూశాను. పదకొండు, పన్నెండు వచనాలు. నేను రాసినదాని తర్వాతివే. దేవుణ్ణి పరీక్షించకూడదని చెప్పి యేసు దూకలేదు.

అమ్మకు చదువు రాదు. సంతోషిస్తుందనుకొని రెండూ చదివి వినిపించాను.

“అయితే నా విశ్వాసం తక్కువ గాలేదా బిడ్డా?”

“లేదమ్మా. టీకా ఏపిస్తే దేవున్ని నమ్మనట్టు గాదు.”



“మరి ఏపిస్తే పిలగాడు బతుకుతుండెనా?”

బయట పాలామె పిల్లలు లొల్లి చేస్తున్నారు, ముగ్గురూ.

ఆ శుక్రవారం కూడా ఆమె అన్నం ముట్టలేదు. ఈసారి విశ్వాసం పెంచమని కాదు.