తారు రోడ్డు మీద కుస్తీ

కుర్రాళ్లకు మార్కులుంటే చాలు, కండలెందుకని మా ప్రిన్సిపాలు కాలేజీలో కుస్తీ ఎత్తేశాడు. ఆ మరుసటేడు మా జట్టులోని మేటి వస్తాదూ నేనూ బొబ్బిలి బస్సులో వెళ్తున్నాం. వాడి వీపుకు మట్టి అంటడం నేనెప్పుడూ చూడలేదు. ఏజెన్సీలో నక్సలైట్ల గొడవలు ముదిరిన రోజులవి. కండగల కుర్రాడు కనబడితే చాలు, అడవిలో తర్ఫీదైనవాడే అని పోలీసులకు అనుమానం.

దారిలో బస్సు ఆపారు. మా భుజాలూ, కుస్తీలో చితికిన చెవులూ చూసి ఇద్దర్నీ దించేశారు.

"కాలేజీలో కుస్తీ పట్టీవోళ్లం బాబూ," అన్నాడు వాడు.

కాలేజీ పేరు అడిగి, "ఆ కాలేజీలో కుస్తీ ఎక్కడుందిరా?" అని ఇన్‌స్పెక్టరు ఒక భారీ కానిస్టేబుల్‌ని ముందుకు పిలిచాడు. "ఏదీ, ఇతనితో పట్టి చూపించు."

ఓడితే అబద్ధాలకోరు. గెలిస్తే పోలీసును పడగొట్టినవాడు.

వాడు వంగి రోడ్డు దుమ్ము కళ్లకద్దుకున్నాడు. చూస్తుండగానే కానిస్టేబుల్ వెల్లకిలా పడ్డాడు. అతని తల తారుకు తగలకుండా మావాడి అరచెయ్యి అడ్డముంది. గోదాలో మాకు మొదట నేర్పింది అదే.

ఇన్‌స్పెక్టరు వాడి ఊరూ ఇంటిపేరూ అడిగి తెలుసుకుని, బస్సెక్కమన్నాడు.

బస్సు కదిలింది. వాడు వెనక అద్దంలోంచి రోడ్డునే చూస్తూ, నెమ్మదిగా అడిగాడు.

"ఒరే, ఊరి పేరు సెప్పీసినాను. నాను పడిపోవాల్సిందేటిరా?"