రెండో సీసా

గిద్దలూరు స్టేషనులో గుంటూరు వైపు వెళ్లే బండి కోసం నిలబడి ఉన్నాను. ప్లాట్‌ఫారం చివర, అడవి నుంచి తెచ్చిన చీపురుకట్టలు పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన బీడీ వెలిగించాడు. గాలి నా వైపే వీస్తోంది. వృత్తిరీత్యా నేను అక్కడి నుంచి జరగవలసిన మనిషిని. ఒకరు తాగే పొగ పక్కవారికి చేసే హానిని లెక్కగట్టడంలోనే నా ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం గడిచింది. అయినా జరగలేదు. కాలే తునికాకు వాసనలో మొదట కొంత తీపి ఉంటుంది, వెనువెంటనే గొంతును గీరే ఘాటు వస్తుంది. ఆ రెంటి మధ్యనున్న చిన్న ఎడంలో నాకు వసుంధర టీచర్ గుర్తుకు వస్తారు. ఆమె జన్మలో బీడీ ముట్టలేదు. దూరాన ఎవరైనా వెలిగిస్తే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. అటువంటి మనిషి ఆ వాసన వెంటే నా దగ్గరికి రావడానికి కారణమేమిటని, బతికి ఉంటే, ఆమే మొదట ఆరా తీసేవారు.

సినిమాల్లో పొగ తాగే దృశ్యాలను పూర్తిగా నిషేధించాలా వద్దా అన్న విషయం మీద వచ్చే వారం హైదరాబాదులో ఒక చర్చ ఉంది. ఆరోగ్యరంగం తరఫున నన్ను మాట్లాడమన్నారు. నిషేధించాలని నేను గట్టిగా చెబుతానని పిలిచినవారి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలు నా వద్ద ఉన్నాయి. అడ్డు వస్తున్నది ఆమె.

మార్కాపురంలో మా బడిలో ఆమె జీవశాస్త్రం చెప్పేవారు. ఏటా ఒక రోజు రెండు ఖాళీ నీళ్ల సీసాలతో తరగతికి వచ్చేవారు. రెండింటిలోనూ దూది పెట్టి, ఒకదాని మూతకు వెలిగించిన సిగరెట్టు గుచ్చి, సీసాను నొక్కుతూ వదులుతూ దానిచేత పొగ పీల్పించేవారు. తెల్లని దూది మా కళ్లముందే పాచి పట్టిన పంటి రంగుకు తిరిగేది. మేము అబ్బో అనుకుంటూ ఉండగానే ఆమె రెండో సీసాను అందుకుని, సిగరెట్టు లేకుండా, అదే తీరున అంతసేపూ నొక్కేవారు. దూది తెల్లగానే ఉండేది. మాకు విసుగు పుట్టేది.

“అందులో ఏముంది టీచర్, ఊరికే గాలే కదా” అంది ఒకసారి పూజారిగారి అమ్మాయి.

“ఆ ఊరికే గాలినే చూడమంటా ఉండా. మొదటి సీసా భయపడేదానికి. రెండోది తెలుసుకునేదానికి.”

“మరి అగరొత్తి పెడితే?”

మరునాడు ఆమె మూడో సీసాతో వచ్చారు. అగరొత్తి పొగకు కూడా దూది కాస్త పసుపెక్కింది. పూజారిగారి అమ్మాయి ముఖం చిన్నబోయింది. “అయితే దేవుడికి కూడా దగ్గు వస్తాదేమో” అంది.

“దేవుడి సంగతి నాకు తెలీదు. మీ నాయనకు వస్తాదేమో చూసి చెప్పు.”

తరగతి పగలబడి నవ్వింది. ఆమె నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. వారం తరువాత గుర్తుపెట్టుకుని మళ్లీ అడిగారు కూడా. ఏ మాట విన్నా “నీకెట్ల తెలుసు?” అనడం ఆమె అలవాటు. అందులో ఎత్తిపొడుపు ఉండేది కాదు. దారి అడుగుతున్నట్టు అడిగేవారు.

ఆమె భర్త రామచంద్రయ్యగారు పలకల ఫ్యాక్టరీలో మేస్త్రీ. రాయిని పలకలుగా కోసే యంత్రాల మధ్య పగలంతా నిలబడేవారు. ఇంటికి వచ్చేసరికి కనుబొమలు బూడిద రంగులో ఉండేవి. ఊళ్లో నాటకం వేస్తే ఆయనకు తప్పక వేషం ఉండేది. ఇంట్లో మాత్రం బీడీకి చోటు లేదు. గేటు బయట అరుగు మీద కూర్చుని తాగేవారు. ట్యూషనుకు వెళ్లినప్పుడు కిటికీకి ఇటూ అటూ సాగే ఆ సంభాషణ మాకు పాఠం కన్నా బాగా వినిపించేది.

“అయిపోయిందా?”

“ఇంకొక్క దమ్ముంది సైన్సు టీచరమ్మా.”

“ఆ దమ్ము పిల్లల ముక్కుల్లోకి వస్తా ఉంది.”

“గాలికి చెప్పు. నా మాట విని పోయే గాలా అది?”

ఆమె కిటికీ మూసేవారు. ఆయన లోపలికి వచ్చాక ఆమే ఇంటి కిటికీలన్నీ తెరిచేవారు.

ఫోటో స్టూడియో నడిపే ఇస్మాయిల్‌కు సినిమా పిచ్చి. పలకల పనివాళ్ల మీద అరగంట సినిమా ఒకటి తీసి, అందులో పెద్ద పాత్రను రామచంద్రయ్యగారికి ఇచ్చాడు. చివరి దృశ్యంలో ఆయన పని ముగించుకుని పలకముక్కల గుట్ట మీద కూర్చుంటారు. వాలుతున్న ఎండలో రాతిదుమ్ము నిలువుగా తేలుతూ ఉంటుంది. బీడీ వెలిగించి, ఒక దమ్ము లాగి, దగ్గుతారు. అన్నం క్యారియరు తెచ్చిన కూతురు “ఆర్పెయ్ నాయనా” అంటుంది. ఆయన బీడీ వంక చూస్తారు, ఎండలోని దుమ్ము వంక చూస్తారు, చిన్నగా నవ్వుతారు. ఆర్పరు. అంతే. మరుసటి ఏడు ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. ఆయన కదులుతూ, దగ్గుతూ, నవ్వుతూ కనిపించేది ప్రపంచంలో ఆ ఒక్క సినిమాలోనే.

కొన్నేళ్ల తరువాత దానిని కల్యాణ మండపంలో ఊరందరికీ చూపించాలని ఇస్మాయిల్ పూనుకున్నాడు. మండపం ఇప్పించినది కిరాణా వర్తకుడు సుబ్బయ్య శెట్టిగారు. బడిపిల్లలు వస్తారు కనుక బీడీ దృశ్యం తీసేయాలని ఆయన షరతు. తీర్పు కోసం ఇద్దరూ టీచరింటికి వచ్చిన రోజున, సెలవు మీద ఊరికి వెళ్లిన నేనూ అక్కడే ఉన్నాను.

“పొగాకు వద్దని బడిబడికీ తిరిగినారు మీరు. సారు తెరమీద బీడీ గుంజుతా ఉంటే పిల్లోళ్లు ఏమనుకుంటారమ్మా?” అన్నారు శెట్టిగారు.

“ఆ ముక్క పోతే నా సినిమానే లేదు వదినా. కావాలంటే చేతి మీద మసక వేస్తా. అంతకుమించి నన్ను అడగొద్దు” అన్నాడు ఇస్మాయిల్.

ఆమె “శెట్టన్నా, మీ దుకాణంలో బీడీకట్టలు ముందు వరసలోనే ఉండాయి కదా. వాటికీ మసక వేస్తారా?” అన్నారు.

“అది వ్యాపారం తల్లీ, ఇది కళ. కళకు బాధ్యత ఉండాల.”

“వ్యాపారానికి?”

“దానికి లైసెన్సు ఉండాది.”

టీచరు నవ్వారు. శెట్టిగారు కూడా కొంచెం ఆలస్యంగా నవ్వారు.

నేను శెట్టిగారి పక్షమే వహించాను. తెరమీద పొగ తాగడం ఎక్కువగా చూసిన పిల్లల్లో ఆ అలవాటు మొదలయ్యే అవకాశం ఎక్కువని చెప్పే అధ్యయనాలు ఉన్నాయని చెప్పాను. ఆమె నా వైపు తిరిగారు.

“ఆ సినిమాల్లో ఎవరు తాగుతారు పాపా?”

“ఎక్కువగా హీరోలు.”

“దగ్గుతారా?”

“దగ్గరు.”

“అయితే నువ్వు తెచ్చింది మొదటి సీసా. దగ్గే మనిషిని చూసిన పిల్లోళ్లు ఏమైనారో, ఆ రెండోది తెచ్చినావా?”

“తేలేదు. కానీ హాని లేదని కూడా ఎవరూ చూపలేదు కదా టీచర్.”

“అది నిజమే” అన్నారామె వెంటనే. “నాకూ తెలీదు.”

తెలియదు కనుక ఆమె తనకు అలవాటైన పనే చేశారు. ఇస్మాయిల్ చేత మసక వేసిన ప్రతిని ఒకటి తయారుచేయించి, ట్యూషను పిల్లల్లో సగంమందికి అది, మిగతావారికి అసలుది చూపించారు. మసకది చూసినవారు “ఆ తాత చేతిలో ఏందుంది టీచర్, చూడకూడనిదా?” అని ఒకరినొకరు గిల్లుకుని నవ్వారు. ఆయన ముఖం ఎలా ఉందో వారిలో ఎవరూ గమనించలేదు. అసలుది చూసినవారు “ఆ తాత ఆర్పినాడా లేదా?” అని అడిగారు. ఒక పాప మాత్రం “ఆ ఎండలో తిరిగేది ఏంది, పొగా, దుమ్మా?” అంది.

ఇంత తక్కువమంది పిల్లలతో ఏదీ తేలదని ఆమే నాకు చెప్పారు. కానీ ఆ పాప ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయారు. పిల్లలు వెళ్లాక గ్లాసులు సర్దుతూ అన్నారు:

“బీడీ తీసేస్తే దుమ్మొకటే మిగులుతాది. పొగకైతే కింద అక్షరాలు వేస్తారు, దుమ్ముకు ఎవరు వేస్తారు? ఆయనకు రెండూ ఉండినాయి. ఏది తీసుకుపోయిందో డాక్టర్లు చెప్పలేకపోయినారు. నేనూ తేల్చలేను. మనిషికి రెండో సీసా ఉండదు పాపా. ఉండేదాన్ని ఉన్నట్టు చూపించమను.”

ప్రదర్శన రోజున మండపం నిండింది. దీపాలు ఆర్పకముందు ఆమె లేచి మూడే మాటలు చెప్పారు. ఇందులో బీడీ తాగేది నా భర్త. ఊపిరి అందక పోయినాడు. పొగ, దుమ్ము రెండూ చూడండి. చెప్పి ముందు వరసలో కూర్చున్నారు. చివరి దృశ్యం మొదలై ఆయన అగ్గిపుల్ల గీయగానే లేచి బయటకు నడిచారు. నేను వెంట వెళ్లాను. చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర నిలబడి ఉన్నారు. తలుపు సందులోంచి దగ్గు వినిపిస్తోంది.

“అది నటన కాదు” అన్నారు. “దాన్ని నేను చూడలేను.”

“మరి ఎందుకు ఉంచమన్నారు టీచర్?”

“నేను చూడలేనని ఊరు చూడకూడదా?”

దగ్గు ఆగింది. లోపల కూతురి పాత్ర మాట వినిపించింది. ఆమె కుళాయి తిప్పి, చేతులు తడుపుకుని, మళ్లీ కట్టేశారు.

“అంతా ఉంది అందులో. వాసన ఒకటే లేదు. కిటికీలు తెరిచి పోగొట్టినదాన్ని నేనే కదా. ఇప్పుడు ఆయన చొక్కాల్లో వెతికితే సబ్బు వాసన వస్తా ఉంది.”

సినిమా అయ్యేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

ఆ తరువాత శెట్టిగారు బీడీకట్టలను వెనుక వరసకు మార్చారని విన్నాను. సినిమా వల్ల మార్చారో, టీచరు మాట వల్లనో, కొత్త బిస్కెట్లకు ముందు చోటు కావలసి వచ్చో నాకు తెలియదు. ఆ రోజు చూసిన పిల్లల్లో ఎవరైనా తరువాత బీడీ వెలిగించారేమో, అదీ తెలియదు. హైదరాబాదులో అదే చెబుతాను. హీరో చేతిలో సొగసుగా వెలిగే సిగరెట్టు గురించి నా అభిప్రాయం మారలేదు. దానికి హద్దు ఉండాలనే అంటాను. కానీ ఒకే నిబంధనతో ఆ సిగరెట్టునూ, పలకల గుట్ట మీది బీడీనీ కలిపి తుడిచేయమని నా సంతకం పెట్టలేను.

నిరుడు ఆమె పోయారు. ఆమె కదిలే బొమ్మ ఏదీ నా దగ్గర లేదనుకున్నాను. మొన్న ఇస్మాయిల్ నా ఫోనుకు ఒక చిన్న వీడియో పంపించాడు. ఆ రోజు మండపంలో వెనుక వరసల నుంచి ఎవరో తెరకేసి ఫోను పట్టి తీసినది. రామచంద్రయ్యగారు అగ్గిపుల్ల గీస్తారు. ముందు వరసలోంచి ఆమె లేస్తారు. ప్రొజెక్టరు వెలుతురుకు అడ్డం వచ్చిన ఆమె నీడ ఒక్క క్షణం ఆయన భుజం మీద పడి దాటిపోతుంది. ఆ దృశ్యాన్ని కత్తిరించి ఉంటే ఆమె లేచేవారు కాదు, నాకు ఆ క్షణం కూడా మిగిలేది కాదు. ఇది నిషేధానికి వ్యతిరేకంగా వాదన కాదని నాకు తెలుసు. ఆమె అయితే ఒప్పుకోనే ఒప్పుకోరు.

అయినా మళ్లీ మళ్లీ చూస్తుంటాను. తెరకు వాసన ఉండదని ఆ మండపంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి, ఆయన బీడీ వెలిగించగానే, కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు.