నారింజ మెట్టిన ఊళ్ళు

కాశీకి రేపు పొద్దున్నే ప్రయాణం. సంచులన్నీ సర్దేసి, నూతిగట్టు మీద కూర్చుని నారింజపండు వాసన చూస్తోంది రాజ్యలక్ష్మి. మామిడికుదురుకి దగ్గర పల్లె వాళ్ళది. భర్త శివనాగరాజు ఇరవై ఏళ్ళు సరుకు ఓడలో వంటవాడుగా దేశాలు తిరిగి, సెలవుకని ఇంటికొచ్చి, పోయిన కార్తీకంలో గుండె ఆగి పోయాడు.

అరుగు మీద అరటికాయ చెక్కు తీస్తున్న బుల్లెమ్మగారు పోయినాయనకి పెద్దమ్మ. పొద్దుట్నుంచీ ఆవిడది ఒకటే పాట.

"కాశీలో ఓ కాయా, ఓ పండూ వదలాలే రాజ్యం. కాయేమో కాకర అన్నావు. గడుసుదానివి! కాకరంటే నీకెప్పుడు పడిందని? పండన్నా సరైంది వదులు. వాడికి నారింజంటే ప్రాణం. వాడి పేరు మీద అదే వదిలెయ్. ఇంక ఈ జన్మలో ముట్టకు."

"ఆయ్" అంది రాజ్యలక్ష్మి. అంది గాని, చేతిలో పండు కింద పెట్టలేదు.

ఆమె చదువు నాలుగో తరగతి. ప్రపంచం ఎలా ఉంటుందో ఈ నూతిగట్టు మీదే, ఫోన్లోనే తెలిసింది. ఓడ ఏ రేవులో ఆగినా, కూరలకని బజారుకెళ్ళి, పండు ఫోనుకి ఎదురుగా పెట్టి మాట్లాడేవాడు ఆయన.

"ఇది స్పెయినే, రాజ్యం. ఇక్కడ నరాన్హ అంటున్నారు. మన నారింజే! మన దేశం మాటే పారశీకుల నోటా అరబ్బుల నోటా పడి ఇంత దూరం వచ్చిందంట."

"ఎవరు చెప్పేరండీ?"

"మా కెప్టెన్ గారు."

"మీ పులిహోర తిన్న మత్తులో అనుంటారు."

ఇంకోసారి గ్రీసు. అక్కడ పోర్తొకాలి. తియ్యనారింజని పోర్చుగల్ వర్తకులు తెచ్చారని ఆ దేశం పేరే పండుకి అంటించారట. హాలెండులో అయితే సినాసప్పెల్, అంటే చైనా ఆపిలు. ఇంగ్లీషు వాళ్ళ దగ్గరికొచ్చేసరికి మన 'న' దారిలోనే ఎక్కడో జారిపోయి ఆరెంజ్ మిగిలిందట.

బియ్యం కడుగుతున్నా, దీపం పెడుతున్నా ఆ నారింజ అన్న మాటే ఆమె కళ్ళ ముందు నడిచేది. పసుపు చీర కట్టుకున్న పెళ్ళికూతురిలా పడవెక్కి, మెట్టిన ప్రతి ఊళ్ళోనూ ఇంటిపేరు మార్చుకుంటూ, ఎక్కడికెళ్ళినా ఒంటికి అదే వాసన పూసుకుని. ఇప్పటికీ ఒక్క తొన నోట్లో వేసుకుంటే చాలు, ఏదో రేవులోంచి ఆయన "రాజ్యం" అంటాడు. అది వదిలేస్తే ఇంక ఆ పిలుపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఏంటే, ఉలకవూ పలకవూ?"

"నారింజ వదల్నండీ, పెద్దత్తయ్యా."

"మరేం వదుల్తావు?"

"మామిడిపండు."

బుల్లెమ్మగారు అరటికాయ చెక్కు తియ్యడం ఆపేసింది. "వేసవొస్తే అన్నం మానేసి మామిడిపళ్ళు తింటావు కదే! కొత్తపల్లి కొబ్బరి పళ్ళు కూడానా?"

"కూడానండి."

"ఆవకాయో?"

"అది కాయండి. నేను వదిలేది పండు. సన్నాసుల్లో కలుస్తానేంటండీ?"

ముసలావిడ ఫక్కున నవ్వి, ఆ నవ్వులోనే కొంగుతో కళ్ళొత్తుకుంది. "వైశాఖంలో ఏడుస్తావే."

"ఏడుస్తానండి. ఇది తింటే మాత్రం, ఏ దేశంలో దీన్నేమంటారో చెప్పిన ఆయన మాటలు వినపడతాయండి."

బుల్లెమ్మగారు కత్తిపీట పక్కన పెట్టి, అరుగు మీద కాస్త జరిగి చోటిచ్చింది.

"వాడు నాకెప్పుడూ చెప్పలేదే ఈ కబుర్లు. ఏ ఊళ్ళో ఏమంటారన్నాడూ?"

"స్పెయిన్నుంచి మొదలెట్టనాండీ?" అంటూ రాజ్యలక్ష్మి పండు ఒలవసాగింది.