రక్కసి బొమ్మకు చూపించిన ముద్ద

కరువు కాస్త వెనకపట్టు పట్టిన ఏడు మా ఊరికి తోలుబొమ్మలవాళ్ళు వచ్చారు. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు పోయే బాటలో మాది చిన్న ఊరు. ఒక వాన పడి ఆగిపోయింది. బొమ్మలాట ఆడిస్తే రెండో వాన కూడా పడుతుందని పెద్దలు వాళ్ళను పిలిపించారు. వచ్చినవాళ్ళను చూస్తే వాళ్ళూ మాలాగే ఎముకల మీద తోలు కప్పుకున్న మనుషులు. మూటల్లోని బొమ్మలకే ఇంకా రంగు ఉంది.

అప్పటికి మా అమ్మ తిండి మానేసింది. తినడానికి లేని రోజుల్లో బ్రహ్మజెముడు పండ్లు, చింతగింజలు, ఏది దొరికితే అది తిన్న మనిషి, ఇంట్లోకి నాలుగు సజ్జలు వచ్చాక మానేసింది. సంకటి ముద్ద ముందు పెడితే నా వైపు జరిపేది. చంకలో ఉండే నా తమ్ముడు, సర్కారు గంజి పోసే కరువు పనికని అమ్మ చెరువు కట్ట మీద మన్ను మోస్తున్నప్పుడు, అక్కడే పోయాడు. అప్పటినుంచి అమ్మ మాట తగ్గించింది, తరువాత తిండి తగ్గించింది. గోడ పట్టుకుంటే గాని లేవలేని స్థితికి వచ్చింది. ఈమె కూడా పోతుందని నాయనకూ తెలుసు, అవ్వకూ తెలుసు, నాకూ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

ఆటకు అవ్వే అమ్మను లేవదీసి తీసుకుపోయింది. నలుగురిలో కూర్చుంటే మనసు తేలికపడుతుందని ఆమె ఆశ. పొద్దు గూకి తెర వెనక ఆముదం దీపాలు వెలిగాయి. ముందు నవ్వించే బొమ్మలు బంగారక్క, కేతిగాడు వచ్చి తిట్టుకున్నారు. ఎన్నాళ్ళకో జనం నవ్వారు. ఆ తరువాత వచ్చింది రక్కసి బొమ్మ. తెర అంత ఎత్తు, కుండలాంటి పొట్ట, మెడ దాకా వేలాడే నాలుక. తెర వెనక ఆడించేవాళ్ళు చెక్కలు తొక్కుతుంటే ఆ చప్పుడుకు అది అడుగులేస్తున్నట్టే ఉంది. చిన్న చిన్న బిడ్డబొమ్మలను ఒక్కొక్కదాన్ని నోటి దగ్గరికి తీసుకుపోతే, అవి దాని పొట్ట నీడలో కలిసిపోయేవి. పిల్లలం కేకలు పెట్టి పెద్దవాళ్ళ వెనక దూరాము. అమ్మ కదల్లేదు. రెప్ప వేయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో నాయన స్నేహితుడు ఒకడు అన్నాడు:

"ఏంరా, ఆ రక్కసి అచ్చం కట్టకాడ మనకు గంజి కొలిచిపోసినాయన మాదిరే ఉండాదే."

"ఆయనకంత పొట్ట యాడిదిరా?" అన్నాడు నాయన.

"ఆయనకే ఉండాది. మనకే లేకపోయె."

"నాకు మొగం కనపడనే లేదు. ఆ తోలు ఏ ఇంటి గొడ్డుదో అనుకుంటా కూచున్నా." ఆ కరువులో మా దున్నలు రెండూ పడిపోతే వాటి తోళ్ళు మాత్రమే అమ్ముడుపోయాయి.

"నీకేం కనపడిందవ్వా?" అని అడిగాడు ఆ మనిషి.

"నా కండ్లకేం ఆనతాది నాయనా. ఏదో నల్లంగా ఎగిరింది. కూచుని కూచుని నడుం పట్టుకున్నాది."

అందరం నవ్వుతుండగానే అమ్మ అంది, "అది నేనే అత్తా."

అందరూ నిలబడిపోయారు. చాలా రోజుల తరువాత అమ్మ నోటి నుంచి వచ్చిన నిండు మాట అది.

"పిలకాయి పోయినాక గూడా వాణ్ణి కొంగు కింద పెట్టుకుని వరసలో నిలబడినా. నిద్రపోతా ఉండాడని చెప్పినా. వాడి వంతు గంజి పోయించుకుని తాగినా. ఆ పొట్ట నాదే."

అవ్వ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని నడిపించింది. ఆ గంజి సంగతి నాకు తెలుసు. వేడి చూడటానికి అమ్మ ఒక్క గుక్క తాగింది. మిగతాదంతా నా నోట్లో పోసింది. ఆమె మనసులో మాత్రం ఆ ఒక్క గుక్కే మిగిలింది.

మరునాడు ఉదయం బొమ్మలావిడ మా వాకిట్లోకి వచ్చింది. తెర వెనక ఆడబొమ్మలన్నిటికీ పాడేది ఆమే. చుట్టిన రక్కసి బొమ్మ చంకలో ఉంది.

"ఒక ముద్ద పెట్టవ్వా. నాకు గాదు, దీనికి. ఈ పూట గూడా ఆట ఉండాది. తెర ఎక్కించే ముందు దీనికి ముద్ద చూపించాల. ఆకలితో ఎక్కిస్తే ఆడించే ఇంటినే తింటాది. పోయినేడు గింజ లేక మన్ను ముద్ద చూపించినాము. నా మరిది పోయినాడు."

"చూపించినాక ఆ ముద్ద ఏం చేస్తారు?" అంది అవ్వ.

"కాకులకు పెడతాము. మనుషులు తినగూడదు."

అవ్వ లోపలికి పోయి సంకటి తెచ్చింది. బొమ్మలావిడ బొమ్మను గోడకు ఆనించింది. పగటి వెలుగులో అది మాసిన తోలు, అక్కడక్కడ చిల్లులు, అంతే. ముద్ద చూపించబోతుంటే మూలనుంచి అమ్మ అంది:

"దానికెందుకు? రక్కసి ఈడుండాది."

బొమ్మలావిడ అవ్వ మొహం చూసింది. అవ్వ కళ్ళు తుడుచుకుంటూ కట్ట మీద సంగతి రెండు మాటల్లో చెప్పింది. బొమ్మలావిడ ఓదార్చలేదు. నువ్వు రక్కసివి కాదమ్మా అని కూడా అనలేదు. మేమందరం రాత్రంతా ఆ మాటే చెప్పి చెప్పి అలిసిపోయాము. ఆమె ముద్ద తీసుకుని అమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అట్నా. అయితే నోరు తెరువు. నిన్ను ఆకలితో పెడితే ఈ ఇంట్లో ఇంకొకరిని తింటావు. అదో, ఆ బిడ్డ నిలబడుండాది చూడు."

అమ్మ నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"అది మనుషులు తినే ముద్ద కాదంటివే," అని అవ్వ అడ్డం వచ్చింది. "నా కోడల్ని రక్కసి అని నువ్వే ఖాయం చేస్తే ఎట్లమ్మే?"

"మనిషిగా తినమంటే తినలేదు గదవ్వా. బతకనీ ముందు."

అమ్మ నోరు తెరిచింది. నమల్లేక, మింగలేక, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా ఆ ముద్ద తిన్నది. రెండో ముద్ద కూడా తిన్నది. బొమ్మలావిడ అవ్వ దగ్గర ఇంకో ముద్ద అడిగి తన బొమ్మకు చూపించుకుని పోయింది.

ఆ పూట నుంచి అమ్మ తిండి మానలేదు. అయితే మాతో కలిసి కూర్చుని తిన్నది లేదు. వాకిట్లో కాకులకు పెట్టే బండ పక్కన కూర్చునేది. అవ్వ ఉన్నన్నాళ్ళు అవ్వ, తరువాత నేను, ముద్ద చేతికిచ్చి, రక్కసికన్నట్టు "ఇది దానికి" అనాలి. అనకపోతే ముట్టదు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి ధైర్యం చేసి, ఆ గంజి నాకే పోసినావు గదమ్మా, నువ్వు తాగింది ఒక్క గుక్కే గదా అన్నాను.

"నువ్వు చిన్నదానివి. నీకు తెలీదులే," అంది.

నా బిడ్డలు పుట్టేదాకా బతికింది. వాళ్ళను ఎత్తుకోమని చేతికివ్వబోతే రెండు చేతులూ వీపు వెనక పెట్టుకునేది. ముద్ద పెట్టినప్పుడు మాత్రం చెయ్యి చాపేది.