సరోజమ్మ మీద కడుపుమంటతో కొన్న పట్టుచీర

2002 జులై 8, సోమవారం, పొద్దున పదిన్నర. నా కొంప మునగడం సరిగ్గా అప్పుడే, హిందూపురం మీటింగులో మొదలైంది. టీబీ రోగుల చేత మాత్రలు మింగించే మా అందరి ముందూ ఆఫీసరు, "సరోజమ్మ పేషెంట్లలో ఒక్కరూ మందు మానలేదు" అన్నాడు. నావాళ్ళు ఇద్దరు మానేశారు. నాకు చీవాట్లు పడ్డాయి. అయితే ఆఫీసరు తిట్టినందుకు కాదు, సరోజమ్మ నవ్వినందుకు ఏడ్చాను.

మా ఇద్దరి పనీ ధర్మవరంలోనే, పక్కపక్క వీధుల్లో. గుట్టు తెలుసుకుందామని మూడు రోజులు గోడలవెంట పిల్లిలా ఆమె వెనకే తిరిగాను. మహాతల్లి చీరలు కొనేదానిలా నేతగాళ్ళ ఇళ్ళకు పోతోంది! లోపల అమ్మే చీర మడత విప్పి చూపిస్తారు, ఆ చాటున మాత్ర మింగుతారు. వీధికి అనుమానమే రాదు.

మందు మానేసిన నా పేషెంటు, నేతగాడు రామాంజప్ప భయమూ అదే. "జబ్బని తెలిస్తే షావుకారు నేతకు పట్టు ఇయ్యడు మేడమ్. నువ్వేమో వీధి మొదట్లోనే 'మాత్రలోయ్!' అని అరుస్తావు" అనేవాడు.

శుక్రవారం నేనూ చీరలు కొనేదాన్నై అతనింటికి వెళ్ళాను. నన్నెరగని పక్కింటామె గడపలో చేరి చూస్తోంది; పెనుకొండ నుంచి చీర కోసం వచ్చానని ఆమెకు చెప్పాను. మరి నటన సహజంగా ఉండాలి కదా!

"ఎంతప్పా?"

"రెండువేల రెండొందలు."

"ఈ అంచుకా? పదిహేనొందలు!"

"మగ్గం అమ్ముకోమంటావా మేడమ్?"

"ఇచ్చేయప్పా, పెనుకొండ నుంచి వచ్చిండాది పాపం" అంది పక్కింటామె.

నాకు పూనకం వచ్చేసింది. రామాంజప్ప దగ్గాడు, కళ్ళతో నా సంచీ చూపించాడు. ధర దించకుండా ఉండటానికి నాటకాలనుకున్నాను. పద్దెనిమిది వందల యాభైకి చీర లాక్కుని, కోట గెలిచినట్టు బస్సెక్కాను. పెనుకొండలో ఇంటికి చేరి సంచీ దులిపితే, అడుగున అతని మాత్రలు!

మళ్ళీ బస్సు. ఈసారీ మందు తప్పితే జబ్బు ముదురుతుంది, మనిషి దక్కడు. పరుగున వెళ్ళి చూద్దును కదా, సరోజమ్మ ఎదుట రామాంజప్ప నీళ్ళ గ్లాసు దించుతున్నాడు.

"నేనే పోయి పిలుచుకొస్తి మేడమ్. నువ్వు బేరంలో పడి మర్చిపోతివి."

సరోజమ్మ తీయగా అడిగింది. "ఎంతకు కొంటివక్కా?"

చెప్పాను.

"అయ్యో! నాకు పదిహేడొందలకే చెప్పినాడే!"

రామాంజప్ప నాకు దండం పెట్టాడు. "ఇంగ మీదట ఆయమ్మ మాత్రలిస్తాది. నువ్వు చీరలు కొనుక్కో మేడమ్."

అందుకే కదిరి నరసింహస్వామి సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఏ రోగి ఇంట్లోనైనా సరే, మాత్ర గొంతు దిగాకే బేరం మొదలుపెడతాను.

పోయినవి: చీరకు 1,850 రూపాయలు, అదనంగా బస్సు టికెట్లు రెండు, పేషెంటు ఒకరు. ఆయన పూర్తిగా బాగయ్యాడు. ఆ పేరూ సరోజమ్మకే పోయింది.