మరక అంటని ఈకలు

2023. తంజోంగ్ పగార్ పేటలో ఒక పాత దుకాణం మేడ మీద మా వర్క్‌షాపు. నేను టెక్స్‌టైల్ కన్జర్వేటర్‌ని, అంటే పురాతన వస్త్రాలు ఇంకా పాడవకుండా చూసేదాన్ని. ఈకలు కుట్టిన వస్త్రాలూ వస్తాయి గనక, నాది ఈకలు పీకే ఉద్యోగమని మావారి ప్రచారం. పీకనివ్వని ఉద్యోగమని ఎంత చెప్పినా వినరు.

ఆ ఏడు ఊళ్ళోనే ఉన్న సెరంగూన్ పేట నుంచి సింహాద్రి అంకుల్ వచ్చారు. ముత్తాత నాడే విశాఖ వైపు నుంచి సముద్రం దాటి వచ్చి ఈ ద్వీపదేశంలో స్థిరపడ్డ కుటుంబం. ఆయన బల్ల మీద పరిచింది పెరూ దేశపు ఈకల వస్త్రం. మకావ్ చిలుకల నీలం, పసుపు ఈకలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒక డీలర్ చూసుకోమని ఇచ్చాడట. దానికి బదులు అంకుల్ తన ముత్తాత తెచ్చిన కలంకారీ దుప్పటి ఇచ్చెయ్యాలి. మర్నాడే మార్పిడి.

"గుడ్డకి కార్బన్ డేటింగ్ అయింది అమ్మాయ్. వెయ్యేళ్ళ నాటిది. కన్‌ఫర్మ్ లా!" అన్నారు, మాట చివర ఇక్కడి యాస 'లా' తగిలించి.

"గుడ్డకి సరే అంకుల్. మరి ఈకలకో?"

"ఈకలు గుడ్డ మీదే కదా ఉన్నాయి!"

ఆ ఈకల అందమే నాకు నచ్చలేదు. ఇలాంటి పాత వస్త్రాలు ఎక్కువగా సమాధుల్లోనే దొరుకుతాయి. సమాధిలో పడుకుని లేచిన బట్ట ఇంత తాజాగా నవ్వుతుందేం? పట్టకారుతో ఒక వరస ఎత్తాను. కింద గుడ్డ మీద సమాధిలో పట్టిన ముదురు గోధుమ రంగు మరక. దాని మీదుగా పోయిన కుట్టుదారం మాత్రం తెల్లగా ఉంది. పాత గుడ్డ మీద ఎవరో ఈమధ్యే ఈకలు కుట్టారని చెప్పాను.

అంకుల్ ముఖం ముడుచుకుంది. "నా కలంకారీ మీద నీకూ కన్నుందా ఏంటి?"

ఉంది మరి! ఆయన ఫోన్లో దాని ఫొటో చూపించిన క్షణం నుంచీ ఉంది. దొంగకి తేలు కుట్టినట్టయి, భూతద్దం ఆయన చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాను.

ఒక వరస చూశారు, ఇంకో వరస చూశారు. "మరక మీద తెల్లదారమా..." అని గొణిగారు. అక్కణ్ణుంచే డీలర్‌కి ఫోన్ చేసి మార్పిడి లేదన్నారు.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చారు, ఈసారి కలంకారీతో. "దీన్నీ చూడు. నిద్ర పట్టట్లేదు."

"మీ ముత్తాతగారిదే కదా అంకుల్?"

"ఆయనకి ఎవడు అంటగట్టాడో!"

చూశాను. అసలుదే. అదే చెప్పాను.

"నకిలీ అని చెప్పుంటే, నువ్వే కొట్టేద్దామని చూస్తున్నావనుకునేవాణ్ణి," అంటూ దుప్పటి మడత పెట్టుకున్నారు.

వస్త్రాన్ని చూడ్డమే నా పని అనుకునేదాన్ని. నేను వస్త్రాన్ని చూస్తున్నంతసేపూ క్లయింట్ నన్ను చూస్తుంటాడని ఆ కేసు నేర్పింది.